ఐస్‌లాండ్‌కి మేమిద్దరం: సెప్టెంబరులో తొమ్మిది రోజులు, దారి చెప్పండి

తెనాలి_మాస్టారు · మార్చి 9

అందరికీ నమస్కారం. సెప్టెంబరు మొదటి వారంలో నేనూ మా ఆవిడా ఐస్‌లాండ్ వెళ్దామనుకుంటున్నాం. నాకు 65, ఆమెకు 62. ఆమె మొన్ననే రిటైరైంది. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా సోషల్ చెప్పింది. భూ పలకలు, హిమానీనదాలు, వేడినీటి బుగ్గలు అన్నీ నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసి చెప్పిందే తప్ప ఒక్కటీ కంటితో చూడలేదు. "ఇవన్నీ ఒక్కచోట ఎక్కడుంటాయి?" అని ఒకసారి అడిగితే ఆలోచించకుండా ఐస్‌లాండ్ అంది. అందుకే ఈ ప్రయాణం.

చేతిలో తొమ్మిది రోజులున్నాయి. దీవి మొత్తం చుట్టేయాలా, ఒక పక్కనే చూడాలా? మా అబ్బాయి జర్మనీలో ఉంటాడు, అక్కడ రెండుసార్లు కుడివైపు కారు నడిపాను. ఆ కాస్త అనుభవంతో అక్కడ నడపొచ్చా, టూరు బస్సులే మేలా? ఇద్దరం శాకాహారులం. తెలిసినవాళ్లు చెప్పండి.

వేణు_మ్యూనిక్ · మార్చి 9

మాస్టారూ, తొమ్మిది రోజులుంటే రింగ్ రోడ్డు మొత్తం తిరిగేయండి. ఒకటో నంబరు రోడ్డు 1,300 కిలోమీటర్ల పైచిలుకు. మేం నలుగురం ఏడు రోజుల్లో పూర్తిచేశాం. ఉత్తరాన మీవత్న్ సరస్సు, దెత్తిఫాస్ జలపాతం, హూసవిక్‌లో తిమింగలాలు... ఇవి చూడకపోతే సగం దేశం వదిలేసినట్టే. ఇంకోసారి వెళ్తామా ఏంటి అంత దూరం?

రేక్యవిక్_రమ్య · మార్చి 10

అంకుల్, నేను ఇక్కడ ఆరేళ్లుగా ఉంటున్నాను. వేణుగారు చెప్పిన చోట్లన్నీ బాగుంటాయి, అందులో సందేహం లేదు. కానీ మీకు మాత్రం నేను రింగ్ రోడ్డు వద్దనే చెప్తాను.

ఇక్కడ దూరం కిలోమీటర్లలో ఉండదు, గాలిలో ఉంటుంది. సెప్టెంబరు వచ్చిందంటే తుఫాన్లు మొదలవుతాయి. వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు ఇస్తుంది. నారింజ వచ్చిన రోజు కదలకుండా గదిలో కూర్చోవాలి. రింగ్ రోడ్డు పెట్టుకుంటే రోజుకో ఊళ్లో గది బుక్ చేసి ఉంటారు. ఒక్క రోజు ఆగితే మిగతా బుకింగులన్నీ పోతాయన్న భయంతో ఆ గాలిలోనే బయల్దేరతారు. నేను చూసిన ప్రమాదాల్లో చాలావరకు ఇలాగే జరిగాయి.

దక్షిణ తీరం ఒక్కటే పెట్టుకోండి. రాజధాని రేక్యవిక్ నుంచి విక్ ఊరు సుమారు 187 కిలోమీటర్లు, అక్కణ్నుంచి యోకుల్సార్లోన్ మంచుగడ్డల సరస్సు ఇంకో 190. ఆంటీ బోర్డు మీద గీసినవన్నీ ఈ దారిలోనే ఉన్నాయి. రెండు రాత్రులు రేక్యవిక్, రెండు విక్, మూడు సరస్సుకి దగ్గర్లో, ఒకటి తిరుగుదారిలో. ఆ మూడింట్లో ఒక రోజు ఖాళీగా వదిలేయండి. ఏ ప్లానూ పెట్టొద్దు. ఆ రోజు ఎందుకో వెళ్లాక మీకే తెలుస్తుంది.

ఇంకో మాట. జూన్‌లో అయితే రాత్రే ఉండదు, ఆకాశంలో వెలిగే రంగుల అరోరా కనబడదు. పఫిన్ పిట్టలు ఆగస్టు మధ్యకల్లా సముద్రంలోకి వెళ్లిపోతాయి. సెప్టెంబరులో పిట్టలు దొరకవు కానీ అరోరాకి అవకాశం ఉంది. ఆంటీకి ఏది ముఖ్యమో ముందే అడగండి.

వేణు_మ్యూనిక్ · మార్చి 10

రమ్యగారూ, మేం వెళ్లింది జులై, వాతావరణం కలిసొచ్చింది. సెప్టెంబరు సంగతి మీకే బాగా తెలుసు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఉత్తరం మాత్రం ఎప్పటికైనా చూడదగ్గదే.

పంగిడి_నల్లరాయి · మార్చి 10

మాది కొవ్వూరు పక్కన పంగిడి. కంకర క్వారీల ఊరు. ఐస్‌లాండ్ అంటే నాకు వెంటనే గుర్తొచ్చేది మా ఊరి రాయే. మా క్వారీల్లో పగలగొట్టే నల్లరాయి కూడా లావా గడ్డకట్టిన బసాల్టే. దక్కన్ లావా ప్రవాహాలకు తూర్పు కొస ఇది, రాజమండ్రి ట్రాప్స్ అంటారు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటిది. ఐస్‌లాండ్‌లో అదే రాయి ఇంకా పుడుతోంది. మేడంగారు వెళ్లొచ్చాక ఆ ఫోటోలు తప్పకుండా ఇక్కడ పెట్టండి.

సుజాత_డబ్లిన్ · మార్చి 11

తిండి సంగతి నేను చెప్తాను బాబాయ్‌గారూ. మేమూ శాకాహారులమే, నిరుడు వెళ్లాం. హోటళ్ల మీద ఆధారపడొద్దు. గది బుక్ చేసేటప్పుడు వంటగది ఉందో లేదో మొదట చూడండి, కిటికీలోంచి కొండ కనబడుతుందా అనేది తర్వాత. బియ్యం, కందిపొడి, పులిహోర పేస్టు, ఆవకాయ సీసాకి గట్టిగా మూత బిగించి కవర్లో పెట్టి తీసుకెళ్లాం. పచ్చిమాంసం, పచ్చిగుడ్లు, కాచని పాలు దేశంలోకి తేకూడదు, మనకి వాటితో పనిలేదు. చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్లండి. ఆ చలిలో రోజంతా తిరిగి వచ్చాక వేడన్నంలో కందిపొడి కలుపుకుంటే ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను.

సరుకులకి బోనుస్ అని పంది బొమ్మ ఉన్న కొట్టు, క్రోనన్ అని ఇంకోటి. పొద్దున్నే తెరవరు, ముందురోజే కొనుక్కోండి. స్కీర్ దొరుకుతుంది. వెన్న తీసిన పాలు తోడుపెట్టి వడకట్టిన గట్టి పెరుగులా ఉంటుంది. నీళ్ల సీసాలు కొనకండి, కుళాయిలో చన్నీళ్లు అంత బాగుంటాయి. వేణ్నీళ్లకి మాత్రం గంధకం వాసన వస్తుంది, భూమిలోంచి వచ్చే నీళ్లు కదా. చన్నీళ్ల కుళాయి తిప్పి కాసేపు వదిలి పట్టుకోండి.

ఇంకోటి, పిన్నిగారికి ముందే చెప్పి ఉంచండి. ప్రతి ఊళ్లోనూ వేణ్నీళ్ల ఈతకొలను ఉంటుంది. అందులో దిగేముందు ఆడవాళ్ల గదిలో బట్టలన్నీ తీసి సబ్బుతో స్నానం చేయాలి. అది వాళ్ల నియమం, నీళ్లలో మందులు ఎక్కువ కలపరు కాబట్టి. నాకు మొదటిరోజు చాలా ఇబ్బందైంది. కొన్నిచోట్ల తలుపున్న షవర్లుంటాయి, అడిగితే చూపిస్తారు. అంత ఇబ్బందీ దాటి ఆ 40 డిగ్రీల నీళ్లలో కూర్చుంటే మోకాళ్ల నొప్పులు ఎటు పోయాయో తెలియలేదు.

కిరణ్_వైజాగ్ · మార్చి 12

అందరూ అందం గురించి చెప్తున్నారు, నేను భయం గురించి చెప్పాలి. విక్ దగ్గర రేనిస్‌ఫ్యారా అని నల్ల ఇసుక తీరం ఉంది. నేను పుట్టి పెరిగింది సముద్రం పక్కన. అలలు నాకు తెలుసు అనుకున్నాను. ఆ తీరం వేరు. పది అలలు పాదాల దాకా వచ్చి ఆగిపోతాయి, పదకొండోది ముందస్తు చప్పుడు లేకుండా ఇరవై ముప్పై అడుగులు ఎక్కువ పైకి వచ్చేస్తుంది. మా కళ్లముందే ఒకావిడని మోకాళ్ల మీద పడేసి ఈడ్చుకెళ్లింది. ఆమె భర్త, ఇంకో ఇద్దరు చేతులు పట్టి లాగారు. బతికింది. అక్కడ ప్రాణాలు పోయినవాళ్లు చాలామందే ఉన్నారు.

దారిలో రంగుదీపాల బోర్డు ఉంటుంది. ఎరుపు వెలిగితే దిగకండి. పసుపు వెలిగినా నీళ్లకి దూరంగా ఉండండి. ఫోటో కోసం సముద్రానికి వీపు పెట్టి మాత్రం నిలబడొద్దు, దండం పెట్టి చెప్తున్నాను.

తెనాలి_మాస్టారు · మార్చి 14

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మా ఆవిడకి అన్నీ చదివి వినిపించాను. రమ్యమ్మ చెప్పిన దారే ఖాయం చేశాం, ఖాళీ రోజుతో సహా. పిట్టలా అరోరానా అంటే "రెండూ కాదు, వేడినీళ్లు ఎగజిమ్మే గేసిర్ కావాలి" అంది. కారు అద్దెకి తీసుకుంటాం. ఇన్సూరెన్సుల్లో కంకర, ఇసుక-బూడిద అని వేరువేరుగా ఉన్నాయి, అవన్నీ కావాలా?

రేక్యవిక్_రమ్య · మార్చి 14

రెండూ తీసుకోండి అంకుల్. విక్ దాటాక మిర్దల్స్ ఇసుక మైదానంలో గాలి లేచిందంటే కారు రంగు లేచిపోతుంది. కానీ గాలికి తలుపు విరిగితే చాలా ఇన్సూరెన్సుల్లో రాదు. కారు ఆపేటప్పుడే గాలికి ఎదురుగా ముక్కు పెట్టి ఆపండి, తలుపు రెండు చేతులతో పట్టుకుని తీయండి, ఇద్దరూ ఒకేసారి తీయొద్దు.

తారురోడ్డు మీద 90, కంకరరోడ్డు మీద 80, ఊళ్లో 50. పగలైనా లైట్లు వేసే ఉండాలి. ఒక్క కారు పట్టే వంతెనలు వస్తాయి, ముందు ఎవరు దగ్గరికొస్తే వాళ్లు వెళ్తారు. అవతలివాళ్లు ఆగితే చెయ్యి ఎత్తండి. ఎఫ్ అక్షరంతో మొదలయ్యే కొండదారులు మీకొద్దు. రోడ్డు దిగి నాచు మీద కారు నడపడం నేరం. ఆ నాచు అంత పెరగడానికి దశాబ్దాలు పడుతుంది, కాలు కూడా పెట్టకండి.

ఇంకా వీసా: రెండు దేశాలకీ ఒకటే వీసా కాబట్టి ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికి అప్లై చేయాలి. అబ్బాయి దగ్గర పదిహేను రోజులుంటే అది జర్మనీ అవుతుంది, చూసుకోండి.

తెనాలి_మాస్టారు · సెప్టెంబరు 24

మొన్ననే తెనాలి చేరాం. మీ అందరికీ బాకీ ఉన్న కబుర్లు చెప్తాను.

మొదటి రోజు థింగ్‌వెట్లిర్. 930లో అక్కడివాళ్లు ఆరుబయట సభ పెట్టుకుని చట్టాలు చేసుకున్న చోటు. మేం వెళ్లింది మాత్రం ఆ రాతిగోడ కోసం. ఎత్తయిన నల్లని గోడల మధ్య కాలిబాట. అందరూ ఒక గోడ అమెరికా, ఇంకోటి యూరప్ అని ఫోటోలు దిగుతున్నారు. మా ఆవిడ ఒప్పుకోలేదు. పడమటి గోడ ఉత్తర అమెరికా పలక అంచేనని, చీలిక మాత్రం ఈ సందు కాదని, కొన్ని కిలోమీటర్ల వెడల్పున్న లోయంతా చీలికేనని, పలకలు ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్లు విడిపోతున్నాయని నాకు చెప్పింది. పక్కనున్న ఇద్దరు తెలుగు పిల్లలు ఆగి విన్నారు.

తర్వాత గేసిర్, గుల్‌ఫాస్ జలపాతం. గేసిర్ గురించి ఆమే రాస్తుంది, నన్ను రాయొద్దంది.

నాలుగో రోజు విక్. రేనిస్‌ఫ్యారాలో దీపం పసుపు రంగులో ఉంది. కిరణ్ గారూ, మీ మాట గుర్తుపెట్టుకుని పైనే నిలబడ్డాం. తీరంలో ఉన్న గుహ పక్కన రాతిస్తంభాలు అక్కణ్నుంచే కనబడ్డాయి. ఆరుపలకల స్తంభాలు, ఎవరో అచ్చులో పోసి నిలబెట్టినట్టు. ఎండాకాలం చెరువు అడుగున బురద నెర్రెలిచ్చినట్టే చల్లారే లావా కూడా ముడుచుకుని పగులుతుందట. తేడా ఏమిటంటే ఇక్కడ ఆ పగుళ్లు నిలువునా లోపలికి దిగిపోయాయి.

తలుపు సంగతి కూడా చెప్పాలి. రమ్యమ్మ ముందే చెప్పినా ఒక పెట్రోలు బంకులో గాలికి వీపు పెట్టి ఆపాను. తలుపు గడియ తీయగానే చేతిలోంచి లాక్కుని వెళ్లిపోయింది, బందు వంగిపోయింది. మూసుకుంది కానీ కిర్రుమంటోంది. కారిచ్చిన కంపెనీవాళ్లు అదంతా మా దగ్గర్నుంచే వసూలు చేశారు, ఇన్సూరెన్సులో లేదన్నారు. కాగితం మీద రాసే ఉంది. వెళ్లేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

రేక్యవిక్_రమ్య · సెప్టెంబరు 24

అయ్యో అంకుల్! మీకేం తగల్లేదు కదా? సరస్సు దగ్గర ఏమైంది? 9వ తారీఖు నారింజ హెచ్చరిక వచ్చింది, మీరే గుర్తొచ్చారు.

తెనాలి_మాస్టారు · సెప్టెంబరు 25

ఎవరికీ ఏమీ తగల్లేదమ్మా. ఆ 9వ తారీఖే మాకు పడవ టికెట్లున్నాయి. పొద్దున్నే పడవలు తిరగవని మెసేజ్ వచ్చింది. బయట కారు నిలబడే ఊగుతోంది. గదిలోనే ఉండిపోయాం. అన్నం, పప్పు వండుకుని తిన్నాం. మా ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని సాయంత్రం దాకా నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటూనే ఉంది. పక్కగదిలో ఒక జంట ఆ రోజే ఉత్తరానికి వెళ్లాలని వాదించుకుని చివరికి బయల్దేరారు. రెండు గంటల్లో తిరిగొచ్చారు, రోడ్డు మూసేశారట.

మర్నాడు గాలి పూర్తిగా ఆగిపోయింది. సరస్సు అద్దంలా ఉంది. 1930ల దాకా అసలు లేని సరస్సు అది. మంచు వెనక్కి జరిగేకొద్దీ ఏర్పడింది, ఇప్పటికీ పెరుగుతూనే ఉంది. పడవలో గైడు పిల్ల నీళ్లలోంచి అరచేతంత మంచుముక్క తీసి మా ఆవిడ చేతికిచ్చింది. గాజులా ఉంది. తెలుపన్నదే లేదు. ఎన్నో వందల ఏళ్ల మంచు బరువు పడి గాలంతా పిండేసిందట. మా ఆవిడ దాన్ని చెవి దగ్గర పెట్టుకుంది, నా చెవి దగ్గరా పెట్టింది. మిగిలిన చిన్న చిన్న బుడగలు పగులుతుంటే చిటపటమని సన్నగా వినబడింది. చేతులు ఎర్రబడిపోతున్నా చాలాసేపు ఇవ్వలేదు. ఖాళీ రోజు పెట్టుకోకపోయి ఉంటే ఆ ముక్క ఆమె చేతిలోకి వచ్చేది కాదు. రమ్యమ్మా, నీకు ఎలా చెప్పుకోవాలో తెలియడం లేదు.

తెనాలి_మాస్టారు · సెప్టెంబరు 26

నమస్కారం. ఇది ఆయన భార్యను, ఆయన ఖాతాలోంచే రాస్తున్నాను.

గేసిర్ అన్న ఊటే ఇప్పుడు ఎప్పుడో గాని ఎగజిమ్మదు. ప్రపంచమంతా గీజర్ అనే మాట దాని పేరు నుంచే వచ్చింది. పక్కనే ఉన్న స్ట్రోక్కుర్ మాత్రం కాసేపటికోసారి లేస్తుంది. నేను వాచీ పెట్టుకుని పన్నెండుసార్లు చూశాను. నా నోట్‌బుక్‌లో ఆరు నిమిషాలు, తొమ్మిది, నాలుగు, పదకొండు అని ఉంది. ముందు నీళ్లు ఊపిరి తీస్తున్నట్టు కిందికీ పైకీ ఆడతాయి. ఒక్కసారి నీలిరంగు బుడగ గుండ్రంగా ఉబ్బుతుంది, అది పగలడానికి ముందు ఒక్క క్షణం లోపలి ఆవిరి కనబడుతుంది. అప్పుడు లేస్తుంది, పదిహేను ఇరవై మీటర్లు. ఇన్నేళ్లు నేను నీటి స్తంభాన్నే గీశాను. ఆ బుడగని ఒక్కసారి కూడా గీయలేదు, ఏ పుస్తకంలోనూ గమనించలేదు.

పిల్లలకి చెప్పేవాళ్లుంటే ప్రెషర్ కుక్కర్‌తో చెప్పండి. లోతున ఉన్న నీళ్ల మీద పైనున్న నీళ్ల బరువుంటుంది, అందుకని 100 డిగ్రీలు దాటినా మరగవు. ఇంకా వేడెక్కి కాస్త ఆవిరై పైనీళ్లని తోసేస్తే బరువు తగ్గుతుంది, దాంతో కిందవన్నీ ఒక్కసారిగా ఆవిరవుతాయి.

నా మనసులో నిలిచినవి ఇంకో రెండున్నాయి. క్లౌస్తుర్ అనే ఊరి దగ్గర నాచు కప్పిన లావా మైదానం. మెత్తని పరుపులా ఉంటుంది, కారు ఎంతసేపు నడిచినా అదే. 1783 జూన్‌లో లాకి దగ్గర నేల చీలి ఎనిమిది నెలలు లావా పారిన చోటు. విషవాయువులకి గడ్డి పాడై పశువులు చచ్చాయి, తర్వాత కరువొచ్చి దేశజనాభాలో సుమారు ఐదోవంతు పోయారు. నేను పాఠంలో లాకిని ఒక్క వాక్యంలో దాటేసేదాన్ని. ఆ నాచు పక్కన కారు ఆపించి చాలాసేపు నిలబడ్డాను. ఆ రాత్రే అక్కడే అరోరా కూడా వచ్చింది. కంటికి బూడిదరంగు మబ్బులా ఉంది, ఫోనులో పచ్చగా పడింది. పంగిడి గారూ, ఫోటోలు అడిగారు కదా, లావావీ స్తంభాలవీ కింద పెట్టాను.

రెండోది స్కాఫ్తఫెట్ల్ దగ్గర రోడ్డు పక్కన మెలితిరిగిన రెండు ఇనుప దూలాలు. 1996లో మంచు కింద అగ్నిపర్వతం పేలి, కరిగిన నీళ్లు నవంబరులో ఒక్కసారిగా వచ్చి వంతెన కొట్టేశాయి. ఉద్ధృతంగా ఉన్నప్పుడు సెకనుకి దాదాపు 50,000 ఘనపు మీటర్లట. లెక్కకట్టి చూస్తే 17 లక్షల క్యూసెక్కులు దాటింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక వేసినప్పటి గోదావరి ఎంతుంటుందో గోదావరి జిల్లాలవాళ్లకి చెప్పక్కర్లేదు. అంత నీరు, వానచుక్క లేకుండా, కొన్ని గంటల్లో.

పంగిడి_నల్లరాయి · సెప్టెంబరు 26

అమ్మా, 86 వరదలో మా నాన్నగారు గట్టు మీద కాపలా ఉన్నారు. మీరు రాసింది చదివి వినిపించాను. "మంచులోంచి గోదావరి వచ్చిందా" అని రెండుసార్లు అడిగారు. ఫోటోలు పెద్దవి చేసి మా క్వారీ కుర్రాళ్లకి చూపించాను. రాయి చూడగానే మనదే అన్నారు.

సుజాత_డబ్లిన్ · సెప్టెంబరు 27

పిన్నిగారూ, ఈతకొలనుకి వెళ్లారా?

తెనాలి_మాస్టారు · సెప్టెంబరు 27

వెళ్లాను సుజాతా, విక్‌లో. తలుపున్న షవర్ ఉంది. నాలుగుసార్లు వెళ్లాను. సెల్యలాండ్స్‌ఫాస్ జలపాతం వెనకనుంచి నడిచేటప్పుడు మెట్లు జారతాయి, మోకాళ్లు బాగాలేనివాళ్లు కర్ర పట్టుకోవాలి. గొడుగు ఆ గాలికి పనికిరాదు, వాన ప్యాంటు కూడా ఉండాలి.

పంగిడి గారూ, ఒక మాట అడగాలి. మీ దగ్గర రెండు లావా పొరల మధ్య సున్నపురాయి పొర ఉంటుందని, అందులో నత్తగుల్లల శిలాజాలు ఉంటాయని చదివాను. మొదటి లావా చల్లారాక అక్కడికి నీళ్లు చేరాయి, జీవాలు బతికాయి, మళ్లీ లావా వచ్చి కప్పేసింది. తెనాలి నుంచి మీ ఊరు ఎంత దూరమని! ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. సంక్రాంతి వెళ్లాక వస్తే చూపిస్తారా?

పంగిడి_నల్లరాయి · సెప్టెంబరు 28

తప్పకుండా రండమ్మా, మాస్టారినీ తీసుకురండి. మధ్యాహ్నం బ్లాస్టింగ్ ఉంటుంది కాబట్టి పొద్దున్న ఎనిమిదికల్లా వచ్చేయాలి. పాత గొయ్యి ఒకటి పని ఆపేసి ఉంది, ఆ తెల్లపొర అక్కడ బాగా కనబడుతుంది. దిగడానికి దారి నేను బాగుచేయిస్తాను. కొవ్వూరులో రైలు దిగండి, స్టేషనుకి నేనే వస్తాను.